రన్నింగ్ బ్యాక్ మావయ్యా, నా రెండు కాళ్ళూ

ఇది ఒక మహాగాథ. ఇందులో యమపాశం ఉంది, మహావీరుడున్నాడు, భీషణమైన మౌనవ్రతం ఉంది, జలప్రళయం కూడా ఉంది. సర్గలు సర్గలుగా రాయదగ్గది.

ఇలా మొదలుపెట్టి మా అమ్మకి చదివి వినిపించాను. "ఎవులి కతే ఇది?" అంది. నాదేనన్నాను. "నీకు కాళ్ళు కదా పడిపోయినవి. పెళయమెక్కడొచ్చింది?" అంది.

నిజమే. యమపాశమంటే కాళ్ళ తిమ్మిరి. జలప్రళయమంటే ఆసుపత్రి వార్డు పైకప్పు కారింది, నా మంచం పక్కన బకెట్టు పెట్టారు. మహావీరుడు స్కూలు వ్యాను నడుపుతాడు. మౌనవ్రతం ఒకే ఒక్క మాటకి సంబంధించింది. ఇక ఇంత గాథలో నేను చేసిన ఘనకార్యం లేచి నిలబడటం. మీలో చాలామంది ఇవాళ పొద్దున్నే చేసి ఉంటారు.

అయినా రాస్తున్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను కాబట్టి రాయగలుగుతున్నాను. ఇలాంటిదే ఇంకెవరికైనా వస్తే, మొదటి వారం ఫోన్లో ఆ జబ్బు పేరు వెతకొద్దని చెప్పడానికి కూడా.

*

వానలు మొదలైన వారం.

నేను యాంగాన్‌లో, లమ్మడా పేటలో ఒక ఫోన్ల దుకాణంలో పనిచేస్తాను. పగిలిన అద్దాలు మారుస్తాను, పగలని అద్దాలకి కవర్లు అమ్ముతాను. ఇల్లు వాగు అవతల తాకేటాలో. అంతకుముందు వారం కడుపు చెడింది, తగ్గింది. దానికి మా వీధి చివర నూడుల్స్ బండి ఆమెని తిట్టుకున్నాను. పాపం, ఆమె తప్పో కాదో ఇప్పటికీ తెలియదు.

తర్వాత కాలివేళ్ళు తిమ్మిరెక్కాయి. పట్టించుకోలేదు. ఒక సాయంత్రం బస్సెక్కాక కండక్టరు నా కాళ్ళకేసి చూసి, "అక్కా, చెప్పేదీ?" అన్నాడు. ఎడమ చెప్పు రోడ్డు మీదే ఉండిపోయింది. చెప్పు పోయిన సంగతి కాలికి తెలియలేదు, తెలిసినా నాకు చెప్పలేదు. బస్సులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండో రోజుకి దుకాణంలో స్టూలు మీంచి లేవలేకపోయాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

మావయ్య వచ్చాడు. మా అమ్మకి అన్న, పేరు సింహాద్రి. స్కూలు పిల్లల్ని ఇళ్ళ దగ్గర దింపేసి, వాళ్ళు మరిచిపోయిన టిఫిన్ డబ్బాలు నాలుగు వెనక సీట్లో దొర్లుతుండగా, నన్ను ఆ వ్యానులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. గేటుకి సరిగ్గా ఎదురుగా బండి ఆపి, నన్ను రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు. ఆయన కుడి మోకాలు మంచిది కాదు. మెట్టుకొకసారి అది టక్కుమనేది.

"నన్ను దింపు మావయ్యా, నీ మోకాలు అరుస్తోంది."

"అరవనీ. దానికేటి పని?"

వెనకనుంచి గేటు దగ్గరి కాపలాదారు కేకలు. "ఊ లే! ఊ లే! బండి తియ్యండి!"

ఈ 'ఊ లే' సంగతి ఇక్కడే చెప్పాలి. బర్మీస్‌లో మావయ్య వయసున్న ఏ మగవాడినైనా 'ఊ లే' అంటారు. మన బాబాయి గారూ అన్నట్టు. ఇక మా ఇళ్ళల్లో, అంటే శ్రీకాకుళం వైపునుంచి ఓడరేవు పనికొచ్చినవాళ్ళ ఇళ్ళల్లో, ఆడపిల్లని పిలవాలంటే 'ఒలే' అంటాం. మావయ్య నన్ను పొద్దస్తమానం "ఒలే చిట్టీ" అంటాడు. మూడో రోజుకి వార్డు నర్సు ఉండబట్టలేక అడిగేసింది. "ఆయన మీకు మావయ్యా, మీరు ఆయనకి మావయ్యా?"

*

రెండో వారం, మూడో వారం.

తిమ్మిరి మోకాళ్ళు దాటింది. నడుం దాటింది. అదింకా పైకి ఎక్కొచ్చనీ, ఎక్కడో ఒకచోట ఆగుతుందనీ, తర్వాత నెమ్మదిగా దిగుతుందనీ డాక్టరు చెప్పాడు. ఎక్కడ ఆగుతుందని అమ్మ అడిగింది. అది చెప్పలేమన్నాడు. మా దుకాణం ఉన్న బిల్డింగు లిఫ్టు కూడా ఇంతే, కరెంటు పోతే ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. కాకపోతే అందులో పై అంతస్తుకి వెళితే టైలరు ఉంటాడు. ఇందులో ఊపిరి ఉంటుంది.

ఆ రోజుల్లో నేను వేసిన జోకులన్నీ భయం వేసినవే. రాత్రింబవళ్ళు ఊపిరి లెక్కపెట్టుకునేదాన్ని. పక్క మంచం మీద డా మ్యా అని డెబ్భై దాటిన ఆవిడ, తుంటి విరిగి వచ్చింది. కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడల్లా, తన మంచం మీంచే చెయ్యి చాపి విసనకర్రతో నా పాదాలకి విసిరేది. "నాకు తెలియడం లేదు అమ్మమ్మా, వృథా" అన్నాను. "నీకు కాదు, దానికి" అని నా కాలు చూపించింది. "ఎవరో ఒకరు పలకరిస్తూ ఉండాలి."

తిమ్మిరి ఛాతీ కింద ఆగింది. ఇక దిగడమే మిగిలింది. దిగేటప్పుడు కాళ్ళు ఎంతవరకూ తిరిగొస్తాయన్న ప్రశ్నకి డాక్టరు ఈసారి కూడా ఆ చెప్పలేమన్న మాటే వాడాడు. కొందరు పరిగెడతారట. కొందరికి కర్ర కావాలట. కొందరు లేవరట. 'కొందరు' అన్న మాట నాకు అప్పటినుంచీ పడదు.

అమ్మకీ మావయ్యకీ అక్కడే చెడింది. అమ్మ ఉద్దేశంలో జబ్బుమనిషి పడుకోవాలి, చారన్నం తినాలి. మావయ్య ఉద్దేశంలో కదలాలి.

"ఒన్నియా, అది పిల్లా, నీ ఆటగాడా? ఒగ్గీ దాన్ని," అంది అమ్మ తన అన్నతో.

"పడుకుంటే కాళ్ళు మరిసిపోతాయే. నాకు తెలుసు."

"నీకేటి తెలుసు?"

 మావయ్యకి ఏం తెలుసో అమ్మకి బాగా తెలుసు. తెలిసే అడిగింది.

*

ఆయనకి తెలిసింది ఇదీ.

మావయ్య పన్నెండేళ్ళు జీతం తీసుకుని ఫుట్‌బాల్ ఆడాడు. తాకేటా వాగు ఒడ్డున బురదలో మొదలుపెట్టి, మైదానంలో గడ్డి ఉంటుందని పద్దెనిమిదో ఏట తెలుసుకున్నాడు. కాగితం మీద ఎడమ వైపు బ్యాక్. అంటే వెనక నిలబడి గోలు కాపాడాలి. ఆయన నిలబడేవాడు కాదు. బంతి దొరికిందంటే అవతలి గోలు దాకా పరుగు, అక్కడ పోగొట్టుకుని ఇవతలి గోలు దాకా మళ్ళీ పరుగు. కోచ్ గీత పక్కన నిలబడి గొంతు పోయేలా "బ్యాక్! రన్! బ్యాక్!" అని అరిచేవాడట. దాంతో ఆయన తన స్థానం పేరు రన్నింగ్ బ్యాక్ అనుకున్నాడు. ఎవరడిగినా అదే చెప్పేవాడు. ఇప్పటికీ అదే చెబుతాడు.

నాలుగో వారం వార్డులో ఫోన్ చూస్తుంటే, అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్లో నిజంగానే ఆ పేరుతో ఒక స్థానం ఉందని కనబడింది. చూపించాను.

"వాళ్ళు చేత్తో పట్టుకుని పరిగెట్టొచ్చట మావయ్యా."

"సేత్తోనా?" కాసేపు చూశాడు. హెల్మెట్లు పెట్టుకున్న పది మంది ఒకడి మీద పడ్డారు. "అయితే ఫుట్‌బాల్ అనడమేటి? పాపం, పడిపోయాడు... ఆఁ, లెగిసినాడు. మంచోడే."

మావయ్య మనిషిని కొలిచేది దీంతోనే. పన్నెండేళ్ళలో ఆయన వేసింది ఒక్క గోలు, అదీ మోకాలికి తగిలి దానంతట అది వెళ్ళింది. ఆయన గొప్ప అది కాదు. అంత పరిగెత్తేవాడిని ఆపాలంటే పడగొట్టాల్సిందే కాబట్టి ప్రతి మ్యాచిలోనూ పడగొట్టేవారు. ప్రతిసారీ లేచేవాడు. రెఫరీ వైపు చూడకుండా, మోకాలు పట్టుకుని దొర్లకుండా, నిద్రలేచినట్టు లేచి పరిగెత్తేవాడు.

మ్యాచి చూడ్డానికి మా వాళ్ళు తాకేటా నుంచి గ్యాలరీలో ఒక వరస నిండేలా వెళ్ళేవారు. ఇంట్లో మేము 'లెగు' అంటాం గానీ, పడినవాడికి అంత పొడుగు మాట వినే టైముండదని "లే! లే!" అని అరిచేవారు. బర్మీస్‌లో 'లే' అంటే నాలుగు. చుట్టూ ఉన్న జనం అయోమయపడ్డారు. పడినవాడి వీపు మీద మూడు ఉంది, వీళ్ళు నాలుగు నాలుగు అంటున్నారు. నాలుగో నంబరువాడు దూరంగా ఏ పాపమూ ఎరగకుండా నిలబడి ఉండేవాడు. తన కోసమే అరుస్తున్నారనుకుని ఒకటి రెండుసార్లు చెయ్యి కూడా ఊపాడట. కొన్నాళ్ళకి మైదానమంతా మా వాళ్ళతో కలిసి అరవడం మొదలెట్టింది. తర్వాతి సీజన్లో క్లబ్బువాళ్ళు, జనం కోరిక ఇదే కాబోలనుకుని, మావయ్యకి నాలుగో నంబరు చొక్కా ఇచ్చేశారు. పాత నాలుగు మావయ్యతో రెండేళ్ళు మాట్లాడలేదు. పేపర్లలో మావయ్య పేరు 'కో లే' అయింది, అంటే నాలుగన్న.

ఇక్కడ కుర్రాళ్ళ పేరు ముందు 'కో' ఉంటుంది, పెద్దయ్యాక అది 'ఊ' అవుతుంది. మావయ్యకీ వయసొచ్చింది. కో లే, ఊ లే అయ్యాడు. అంటే యాంగాన్‌లో ఉన్న ప్రతి బాబాయీ అయిపోయాడు. వీధిలో ఎవరైనా ఆ మాట కేకేస్తే నలభై మంది తిరుగుతారు. మావయ్య కూడా తిరుగుతాడు, కొంచెం ముందుగా.

ఆఖరి మ్యాచి సంగతి కూడా ఆ వారమే చెప్పాడు. నేను అడగలేదు. నాకు బత్తాయి వలుస్తూ, తొక్కకేసి చూస్తూ చెప్పాడు.

"పడ్డాను. మోకాలు దగ్గిర తాడు తెగినట్టయింది. అందరూ లే అంతన్నారు. మా అయ్య గొంతు కూడా ఇనబడతంది. లెగనేదు."

"మరేం చేశావు?"

"ఏటి సేత్తాను? ఆకాశం సూసినాను. మబ్బుగుంది." ఒక తొన నా నోట్లో పెట్టాడు. "గింజుంది, సూసుకో."

*

ఐదో వారం. నేను గొప్పగా చెప్పుకోలేని వారం.

రోజూ కింది అంతస్తులో వ్యాయామం గదికి చక్రాల కుర్చీలో తీసుకెళ్ళేవారు. అక్కడ వ్యాయామం చేయించేది మ ఖైన్, నాకంటే మూడేళ్ళు పెద్దది. నర్సుల్నీ టీచర్లనీ పిలిచినట్టే సయామా అంటాం. కాలు వేలు కదిపితే పండగ చేసేది. కదపకపోయినా తిట్టేది కాదు. అలసిపోయేదాకా చెయ్యకూడదని రూలు పెట్టింది. మావయ్య స్కూలు వేళల మధ్య వచ్చి, పక్కన నిలబడి, ఆవిడ అటు తిరగ్గానే గొంతు తగ్గించి మొదలెట్టేవాడు.

"ఒలే, లే. కాలు కాదే, ఒల్లు లెగాల. కాలు దానెనకే వొత్తాది. లే. ఊఁ, లే."

ఆ రోజు నేను రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ మంచం మీద కూలబడ్డాను. ఒళ్ళంతా చెమట. అమ్మ క్యారియర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మావయ్య మళ్ళీ "లే" అన్నాడు.

"లే, లే, లే! అందరూ అరిస్తే నువ్వు లేచావేటి ఆ రోజు? మైదానమంతా అరిచింది కదా పెద్ద కో లే! లేచావా?" అని అరిచాను.

గదిలో పక్క మంచం మీద వ్యాయామం చేస్తున్నాయన కూడా ఆగిపోయాడు. ఆయనకి తెలుగు రాదు. అయినా ఆగిపోయాడు.

మావయ్య నాకేసి చూశాడు. కోపం లేదు. "నేదు," అన్నాడు. "లెగనేదు." వ్యాను తాళాలు తీసుకుని, పిల్లల్ని తేవాలి అని వెళ్ళిపోయాడు. మెట్ల మీద టక్, టక్.

 నేను తినని చారన్నం క్యారియర్ అమ్మ తీసుకెళ్ళి కడిగింది. చాలాసేపు కడిగింది. వచ్చి కూర్చున్నాక చెప్పింది.

"ఒలే, ఏడు నెలలు. ఆ ఆట తర్వాత మీ మావ మంచం మీదే ఉన్నాడు. మీ తాత రోజూ లెమ్మనీవోడు. జట్టోళ్ళొచ్చి లెమ్మనీవోరు. ఒకనాడు ఎవులూ నేరు ఇంట్లో. నేను మార్కెట్టునుంచొచ్చి సూసేసరికి నీళ్ళ డ్రమ్ము పట్టుకుని నిల్సున్నాడు. ఎవులూ లెమ్మననేదు. ఆడే లెగిసినాడు." కొంచెం ఆగి, "డ్రమ్ములో నీళ్ళన్నీ ఒలకబోసినాడు గాని," అంది.

మా ఇంట్లో క్షమాపణకి మాట లేదు. టీ ఇస్తాం. నేను టీ పెట్టలేను, నిలబడలేను కాబట్టి. మర్నాడు మావయ్య వచ్చినప్పుడు డా మ్యా చేత ఫ్లాస్కులోంచి పోయించి ఇచ్చాను. తాగాడు. "పంచదార తక్కువ," అన్నాడు. అంతే.

కానీ ఆ రోజునుంచి 'లే' అనడం మానేశాడు. రోజూ వచ్చేవాడు, చక్రాల కుర్చీ తోసేవాడు, నా పాదాలకి కొబ్బరినూనె రాసేవాడు, స్కూల్లో ఎవడు ఎవడిని కొరికాడో చెప్పేవాడు. ఆ ఒక్క మాట మాత్రం ఆయన నోట్లోంచి పూర్తిగా పోయింది. చివరికి "పోనీలే" అనాల్సిన చోట కూడా "పోనీ" అని ఆపేసేవాడు. అంత జాగ్రత్త. పన్నెండేళ్ళు మైదానంలో ఎవరూ ఆపలేని మనిషిని నేను ఒక్క మాటతో ఆపేశాను. ఆ పడగొట్టినవాళ్ళ జాబితాలో నా పేరు కూడా చేరింది.

*

ఆరు, ఏడు, ఎనిమిది.

తిమ్మిరి దిగుతోంది. మొదట తొడలకి దోమ కుట్టింది తెలిసింది. ఆ దోమని చంపొద్దని డా మ్యాని బతిమాలాను. తర్వాత మడమ. తర్వాత బొటనవేలు. డా మ్యా కర్రతో ఇంటికి వెళ్ళిపోయింది, విసనకర్ర నాకు ఇచ్చి.

కానీ లేవలేకపోతున్నాను. బలం వచ్చిందని మ ఖైన్ అంటుంది. సుత్తితో కొట్టి చూసి డాక్టరు కూడా అవునన్నాడు. మంచం అంచున కూర్చుని, పాదాలు నేల మీద ఆనించి, చేతులు నాలుగు కాళ్ళ నడక స్టాండు మీద పెట్టి, అక్కడితో ఆగిపోయేదాన్ని. లోపల ఎవరో తాళం వేసినట్టు. లేస్తే పడతాను, పడితే ఆ 'కొందరి'లో చేరిపోతానని భయం. లేవకపోతే ఇంకా తేలలేదన్నమాటే కదా. ఇలా తేలకుండా ఎన్నేళ్ళయినా గడపొచ్చనిపించింది. దుకాణంలో ఒకాయన పగిలిన ఫోన్ తెచ్చి, ఆన్ చేసి చూడనివ్వకుండానే రెండు నెలలు మా దగ్గరే ఉంచాడు. అప్పుడు నవ్వుకున్నాను.

తొమ్మిదో వారం, మంగళవారం. వాన వెలిసి ఎండ కాసింది. వ్యాయామం గది కిటికీ గేటు వైపు ఉంటుంది, తెరిచి ఉంది. నేను మంచం అంచున, పాదాలు నేల మీద. మ ఖైన్ నా ఎడమ పక్క నడుం పట్టీ పట్టుకుని ఉంది. మావయ్య కుడి పక్క స్టాండు కదలకుండా పట్టుకుని, నోరు గట్టిగా మూసుకుని ఉన్నాడు. అమ్మ క్యారియర్ విప్పుతోంది.  నేను తల దించుకుని నా బొటనవేలు చూస్తున్నాను.

"ఊఁ, లే!"

హమ్మయ్య, అన్నాడు, అనుకున్నాను. నాలుగు వారాల తర్వాత అన్నాడు. అనుకోవడం పూర్తయ్యేలోపే ఒళ్ళు లేచింది. కాళ్ళు దాని వెనకే వచ్చాయి, ఆయన చెప్పినట్టే. మోకాళ్ళు వణికాయి, కానీ నిలిచాయి. గది కొంచెం కిందికి దిగినట్టయింది. తొమ్మిది వారాల్లో మొదటిసారి అమ్మ నడినెత్తి కనబడింది, తెల్లవెంట్రుకలు పెరిగాయి.

మావయ్యకేసి తిరిగాను. ఆయన నన్ను చూడటం లేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఊ లే! ఊ లే!" అని కింద గేటు కాపలాదారు మళ్ళీ అరిచాడు.

మావయ్య అటునుంచి ఇటు తిరిగాడు. నా ముఖం ఆయన ముఖానికి దాదాపు సమానంగా ఉంది. ఆయన నోరు తెరుచుకుంది.

"ఒలే... ఎవులు లెమ్మన్నారే నిన్ను?"

"నువ్వే కదా."

"నేననలేదే!" నిజంగా తప్పు చేసినవాడిలా ఉన్నాడు. "అమ్మతోడు, నేననలేదు. సయామా, నేనన్నానా?"

మ ఖైన్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా పట్టీ వదలకుండా ఏడుస్తోంది. అమ్మ చేతిలో చారు గిన్నె ఒరిగి నేల మీద కారుతోంది. ఈ కుటుంబంలో ఎవరు లేచినా ఏదో ఒకటి ఒలకాలి కాబోలు.

"కూకో, కూకో," అన్నాడు మావయ్య గాబరాగా. ఇన్నాళ్ళూ లెమ్మన్న మనిషి.

"కూర్చోను. నువ్వు అను ముందు."

"ఏటనాల?"

"ఆ మాట."

ఆయన స్టాండు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. మోకాలు టక్కుమంది. నాదో ఆయనదో తెలియలేదు. గొంతు సవరించుకుని, చాలా చిన్నగా, మైదానం ఖాళీగా ఉన్నప్పుడు ఎవరూ వినకుండా అన్నట్టు, "లే," అన్నాడు.

"లేచాను కదా," అన్నాను.

మ ఖైన్ గడియారం ప్రకారం పదకొండు సెకన్లు నిలబడ్డాను. ఇప్పుడు నడుస్తాను. మెట్లెక్కేటప్పుడు మాత్రం ఎడమ కాలు ఒకసారి ఆలోచించుకుంటుంది. దీపాల పండగ నెలనుంచి దుకాణానికి కూడా వెళుతున్నాను, రెండు చెప్పులతో.

ఇక ఆ కాపలాదారు అరిచింది బండి కోసం. ఆ ఆసుపత్రిలో గేటు ఎదురుగా వ్యాన్లు ఆపకూడదు. పార్కింగు వెనక వీధిలో ఉంది.